దర్వాజా అవతల పుట్టిన ఊరు

పట్నం గోడలు: తొమ్మిదో భాగం

అబిడ్స్‌లో గానీ నాంపల్లిలో గానీ నగర ద్వారం ఎన్నడూ లేదు. ఒకప్పుడు హైదరాబాద్‌ను చుట్టి ఉన్న రాతిగోడ దాదాపు 6 మైళ్ల చుట్టుకొలతతో మూసీకి దక్షిణాన ఉండేది. ఈ రెండు పేటలు నదికి ఇవతల, ఉత్తరాన ఉన్నాయి. మరి దర్వాజాల కథ చెప్పే ఈ ధారావాహికలో వీటికి ఒక భాగం మొత్తం ఎందుకని పాఠకులు అడగవచ్చు. గత భాగంలో గోల్కొండ ఫతే దర్వాజా గురించి చెప్పుకున్నాం. ఏ దర్వాజా చరిత్రలోనైనా లోపలివాళ్ల సంగతే ఎక్కువగా రాస్తారు. ఎవరు కట్టించారు, ఎవరు కాపలా కాశారు, ఏ శత్రువును ఆపారు అన్నవే ప్రశ్నలు. దర్వాజా తన బయట ఏం తయారు చేసింది అన్నది ఎవరూ పెద్దగా పట్టించుకోరు. నా వాదన ఒక్కటే. హైదరాబాద్ దర్వాజాలు శత్రువును ఆపిన కాలం చాలా తక్కువ. కొత్తగా వచ్చిన మనిషినీ, కొత్తగా వచ్చిన వస్తువునూ, కొత్త సంస్థనూ గుమ్మం బయటే నిలబెట్టిన కాలం ఎక్కువ. అలా బయట నిలబడిపోయినవన్నీ కూడి కట్టుకున్న ఊళ్లే అబిడ్స్, నాంపల్లి. ఈ పేటలను రైలు కన్నదనీ, ఇంగ్లీషువాళ్లు కన్నారనీ అంటుంటారు. ఆ మాటలో కొంత నిజం ఉంది కానీ, రైలూ ఇంగ్లీషువాళ్లూ కూడా అక్కడే ఎందుకు ఆగవలసి వచ్చిందన్న ప్రశ్నకు అందులో జవాబు లేదు.

ముందు ఒక అపోహ తీసేయాలి. పురానాపూల్ దగ్గరా, దబీర్‌పురాలోనూ మిగిలిన దర్వాజాలను చూసిన చాలామంది అవి కుతుబ్‌షాహీల నాటివి అనుకుంటారు. చార్మినార్ 1591 నాటిది కాబట్టి గోడా అప్పటిదే అయి ఉంటుందని ఊహిస్తారు. కానీ మహమ్మద్ కులీ కట్టించిన నగరానికి గోడ లేదు. కోట గోల్కొండలో ఉంది, నగరం ఆరుబయట ఉంది. దీనికి సాక్ష్యం శాసనాల్లో వెతకనక్కర్లేదు, యుద్ధాల్లోనే దొరుకుతుంది. 1656లో ఔరంగజేబు సేనలు వచ్చినప్పుడు అబ్దుల్లా కుతుబ్‌షా నగరంలో నిలబడి పోరాడలేదు, గోల్కొండకు వెళ్లి తలుపులు వేసుకున్నాడు. హైదరాబాద్ దోపిడీకి గురైంది. 1685లో మొగలు యువరాజు షా ఆలం వచ్చినప్పుడు అబుల్ హసన్ తానీషా చేసిందీ అదే, నగరానికి పట్టిన గతీ అదే. అదే రాజు 1687లో గోల్కొండ లోపల ఉండి ఎనిమిది నెలలు నిలిచాడు. చివరకు కోట పడిపోయింది కూడా ఫిరంగుల వల్ల కాదు, అబ్దుల్లా ఖాన్ పనీ అనే సేనాని లోపలి నుంచి తలుపు తీయించడం వల్ల. ఒకే రాజు, ఒకే శత్రువు, రెండేళ్ల తేడా. గోడ ఉన్న చోట ఎనిమిది నెలలు, లేని చోట ఒక్క పూట కూడా ఆగలేదు. నగరానికి గోడే ఉండి ఉంటే ఇలా జరిగేది కాదు. చార్మినార్ చుట్టూ ఉన్న చార్ కమాన్‌లు ద్వారాలు కావా అని అడగవచ్చు. అవి రాజప్రాంగణానికి కట్టిన కమానులు. వాటిని కలుపుతూ నగరాన్ని చుట్టిన గోడ ఏదీ లేదు. ఊరేగింపు సాగడానికి కట్టిన కమాను వేరు, రాత్రి గడియ వేయడానికి కట్టిన తలుపు వేరు. ఓరుగల్లు కీర్తితోరణాలను చూసి అవి కోట తలుపులని మనం పొరపడం కదా.

గోడ ఎప్పుడు వచ్చిందో చెప్పాలంటే గోల్కొండ పతనం తర్వాత వచ్చిన ముప్పై ఏళ్ల అరాచకం చూడాలి. మొగలు సుబేదార్లు పేరుకు పాలకులు. 1708లో సర్వాయి పాపన్న ఓరుగల్లు మీద పడి కోట వెలుపలి పట్టణాన్ని దోచుకుపోయాడు. మరుసటి ఏడాది జనవరిలో ఔరంగజేబు కొడుకులిద్దరు, బహదూర్ షా, కాంబక్ష్, హైదరాబాద్ పొలిమేరల్లోనే సింహాసనం కోసం తలపడ్డారు. మరాఠా దండులు ఏటా చౌతు కోసం వస్తూనే ఉన్నాయి. 1713 నుంచి సుబేదారుగా ఉన్న ముబారిజ్ ఖాన్ ఈ పరిస్థితిలో నగరానికి రాతి ప్రాకారం మొదలుపెట్టాడు. 1724 అక్టోబరులో షకర్‌ఖేడా యుద్ధంలో నిజాముల్ ముల్క్ చేతిలో అతను చనిపోయాడు. గెలిచిన నిజాం ఓడినవాడు వదిలేసిన గోడను 1740 ప్రాంతానికి పూర్తి చేయించాడు. అంటే నగరం పుట్టిన దాదాపు 150 ఏళ్లకు దానికి తలుపులు వచ్చాయి. పెద్ద దర్వాజాలు 13 అని సాధారణంగా చెప్పే లెక్క. వాటి మధ్య మనుషులు మాత్రం పట్టే చిన్న ఖిడ్కీలు కొన్ని ఉండేవి. చాదర్‌ఘాట్, ఢిల్లీ, చంపా, చార్‌మహల్, పురానాపూల్ దర్వాజాలు నది వైపు. దూద్‌బౌలి, ఫతే, అలియాబాద్, లాల్, మీర్‌జుమ్లా, యాకుత్‌పురా, దబీర్‌పురా దర్వాజాలు మిగతా వైపులు. వీటిలో చాలావాటి రాళ్లు పోయాయి, బస్తీల పేర్లుగా మాత్రం మిగిలాయి. అలియాబాద్ బస్సెక్కేవాళ్లలో ఎంతమందికి అది ఒక తలుపు పేరని తెలుసో నాకు అనుమానమే.

మిగిలిన రెండు దర్వాజాలను దగ్గర నుంచి చూస్తే వాటి పని ఏమిటో కొంత అర్థమవుతుంది. దబీర్‌పురాలో కోసు కమాను కింద దారి నేరుగా ఇటు నుంచి అటు పోతుంది. ఆటోలు, బైకులు వేగం తగ్గించకుండానే దాటిపోతాయి. పురానాపూల్ దర్వాజా కూడా వంతెన దిగగానే ఎదురుగా నిలబడే తిన్నని దారే. ఇప్పుడు ఓరుగల్లు రాతికోట ద్వారాల్లోకి వెళ్లి చూడండి. లోపలికి వచ్చినవాడు ఒక ఆవరణలో ఇరుక్కుని, పక్కకు మళ్లి, మళ్లీ తిరిగి గానీ ఊళ్లో అడుగుపెట్టలేడు. గోల్కొండలో బాలాహిస్సార్ దర్వాజాకు ఎదురుగా అడ్డుగోడ ఉంది, ఏనుగు పరిగెత్తుకొచ్చి తలుపును ఢీకొట్టలేకుండా. ఫతే దర్వాజా తలుపుల మీద ఇనుప మేకులు ఇప్పటికీ ఉన్నాయి. యుద్ధం కోసం కట్టినవాడు దారిని వంకర చేస్తాడు. రోజూ బండ్లు, పల్లకీలు, పశువులు పోవాలని కట్టినవాడు తిన్నగా ఉంచి, తలుపు రెక్కల మీదా కాపలా మనిషి మీదా భారం వేస్తాడు. హైదరాబాద్ గోడకు బురుజులు ఉండేవి, ఫిరంగులు ఉండేవి, నిజమే. దాన్ని మొదలుపెట్టించిన భయమూ నిజమైనదే. కానీ దర్వాజాల కట్టుబడి చూస్తే అవి పగలు తెరిచి రాత్రి మూయడానికీ, వచ్చేపోయేవాళ్లను చూడడానికీ పనికొచ్చేవే తప్ప ముట్టడికి తట్టుకునేవి కావు.

చరిత్ర కూడా ఆ మాటే చెబుతుంది. గోడ పూర్తయ్యాక నిజాంల రాజధాని చాలాకాలం ఔరంగాబాద్‌లోనే ఉంది. నిజాం అలీ ఖాన్ దాన్ని 1763లో హైదరాబాద్‌కు మార్చాడు. 1798 సెప్టెంబరులో ఈస్టిండియా కుంపిణీతో సైన్య సహకార సంధి కుదిరింది. ఆ తర్వాత నగరానికి బయటి శత్రువంటూ ఎవరూ మిగల్లేదు. అంటే రాజధాని ప్రాకారంగా ఆ గోడ రక్షణ బాధ్యత మోసింది మహా అయితే 35 ఏళ్లు. అయినా తలుపులు ఆ తర్వాత వందేళ్లకు పైగా అలాగే నిలబడ్డాయి, కాపలా కొనసాగింది. దేన్ని ఆపడానికి? ఇక్కడ 1756 నాటి ఒక సంఘటన చాలా విలువైనది. అప్పటి నిజాం సలాబత్ జంగ్ కొలువు నుంచి తొలగించిన ఫ్రెంచి సేనాని బుస్సీ తన పటాలంతో హైదరాబాద్ వచ్చి, మూసీ ఒడ్డున ఉన్న చార్‌మహల్ తోటలో దిగి దాన్నే కోట చేసుకున్నాడు. దాదాపు రెండు నెలలు అక్కడ నిలబడి, కోస్తా నుంచి సాయం చేరేదాకా ఆగి, చివరకు నవాబుతోనే రాజీ రాయించుకున్నాడు. శత్రువు గోడ బద్దలు కొట్టలేదు. కొలువులో ఉన్న ఫిరంగీ సైన్యమే నగరం అంచున గుడారం వేసి రాజును లొంగదీసింది. ఈ అనుభవం ఉన్న దర్బారు ఆయుధం పట్టిన పరదేశిని గోడ లోపలికి రానిచ్చేందుకు జంకిందంటే ఆశ్చర్యం లేదు. కారణం ఇదేనని రాసిన ఫర్మానా నేను చూపించడం లేదు. ఆ తర్వాత పరదేశులకు స్థలం ఇచ్చిన ప్రతిసారీ ఎక్కడ ఇచ్చారో చూడమంటున్నాను.

మొదటి నిదర్శనం అబిడ్స్‌కు కూతవేటు దూరంలోనే ఉంది. నిజాం అలీ ఖాన్ కొలువులో చేరిన ఫ్రెంచి సేనాని మిషెల్ రేమండ్ 1786లో ఫిరంగులు పోతపోసే కార్ఖానా పెట్టాడు. ఫతేమైదాన్ దగ్గర గన్‌ఫౌండ్రీ అని మనం పిలిచేది దాన్నే. ఉర్దూలో తోప్ కా సాంచా. మందపాటి గోడల శిథిలాలు, నల్లబడిన కమానులు ఇళ్ల మధ్య ఇరుకున మిగిలాయి. రాజ్యానికి అంత అవసరమైన, అంత ప్రమాదకరమైన ఆస్తిని ఏ రాజైనా కోట లోపల దాచుకుంటాడు. అప్పటికి గోడ పూర్తయి నలభై ఏళ్లు దాటింది. మరి ఫిరంగుల కార్ఖానాను గోడ దాటి, నది దాటి, ఆరుబయట ఎందుకు పెట్టించారు? నిప్పు ప్రమాదం, పొగ, నీళ్ల వసతి, విశాలమైన స్థలం కారణాలు కావచ్చని అంటారు. కావచ్చు. అయితే గోడ లోపల దక్షిణాన తోటలూ ఖాళీ స్థలాలూ ఉండనే ఉన్నాయి. పైగా రేమండ్ పటాలం దిగిన చోటు కూడా గోడ బయటే, సరూర్‌నగర్ వైపు, అతని సమాధి ఇప్పుడున్న చుట్టుపక్కల. పటాలానికి నిప్పు ప్రమాదం కారణం కాదు కదా. కార్ఖానా ఉత్తరాన, పటాలం తూర్పున, రెండూ దర్వాజా బయట. ఇందులో ఒక పద్ధతి కనబడుతోంది. 1798 మార్చిలో రేమండ్ చనిపోయాడు, అక్టోబరులో ఇంగ్లీషు సేనలు వచ్చి అతని పటాలం చేత ఆయుధాలు దింపించాయి. కానీ పరదేశి సాంకేతికతకు ఉత్తరపు గట్టున స్థలం కేటాయించే అలవాటు అతనితో పోలేదు.

రెండో నిదర్శనం రెసిడెన్సీ. కుంపిణీ ప్రతినిధి జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ 1803 తర్వాత కట్టించిన కోఠీ, ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయం ఉన్న భవనం, సరిగ్గా నగరానికి ఎదురుగా, నదికి ఇవతల. కిర్క్‌పాట్రిక్ ఈ నగరపు మర్యాదలు ఎరిగినవాడు, ఇక్కడి కులీనుల ఇంటి అమ్మాయి ఖైరున్నీసాను పెళ్లాడినవాడు, నిజాం మెప్పు పొందినవాడు. అంత దగ్గరివాడికి కూడా స్థలం దర్వాజా బయటే దొరికింది. రెసిడెంటు నగరంలోకి వెళ్లాలంటే అది దర్బారు సందర్భం, ఏనుగుల అంబారీల మీద జరిగే తతంగం. మామూలు యూరోపియను లోపలికి పోవాలంటే అనుమతి పత్రం ఉండాలి. 19వ శతాబ్దం చివరిదాకా సాగిన ఈ కట్టడిని పక్కనపెట్టి అబిడ్స్ చరిత్ర రాయలేం. రెసిడెన్సీ చుట్టూ సాహుకార్లు, దుబాసీలు, దర్జీలు, సారాయి వర్తకులు చేరారు. అదే రెసిడెన్సీ బజారు, తర్వాతి సుల్తాన్ బజారు. అక్కడ న్యాయం, పోలీసు రెసిడెంటువే. 1857 జులై 17, శుక్రవారం నాడు తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ నాయకత్వంలో రోహిల్లాలు రెసిడెన్సీ మీద దాడికి వచ్చినప్పుడు కూడా కదలిక దిశ గమనించండి. నగరం లోపల కోపం రగిలింది, అది బయటికి వచ్చి బయటి పేటలో పేలింది. దాడి విఫలమయ్యాక ఇంగ్లీషువాళ్లు రెసిడెన్సీ గోడలు మరింత ఎత్తు చేసి బురుజులు కట్టుకున్నారు. మూసీకి అటు ఒక గోడ, ఇటు ఒక గోడ. ఇక్కడి నుంచి దర్వాజాకు రెండు ముఖాలు వచ్చాయి.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటి ఉంది, దాన్ని దాటవేయకూడదు. 17వ శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే హైదరాబాద్ గురించి ఒక సంగతి రాశాడు. గోల్కొండ నుంచి వచ్చే దారిలో వంతెనకు ఇవతల పెద్ద శివారు పేట ఉందనీ, వర్తకులు, దళారులు, చేతిపనివాళ్లు అందరూ అక్కడే ఉంటారనీ, నగరంలో దర్బారు మనుషులు, ఉద్యోగులు, సైనికులు మాత్రమే నివసిస్తారనీ చెప్పాడు. వర్తకులు పొద్దున పది, పదకొండు గంటలకు నగరంలోకి వచ్చి, సాయంత్రం నాలుగైదు గంటలకు ఇళ్లకు వెళ్లిపోయేవారట. అంటే గోడ లేని రోజుల్లోనే లోపలా బయటా అన్న తేడా ఉంది. అలాంటప్పుడు దర్వాజాకు ఇంత ఘనత కట్టబెట్టడం ఎందుకు? నా సమాధానం ఏమిటంటే, టావెర్నియే చెప్పిన తేడా నివాసానిది. వ్యాపారం మాత్రం రోజూ నగరంలోనే జరిగేది. పరదేశి వర్తకుడు కూడా అక్కడికే పోయి బేరం చేసేవాడు. బజారు, ఖజానా, న్యాయస్థానం అన్నీ దక్షిణపు గట్టునే. పైగా ఆయన చెప్పిన పేట పడమటి వైపు, కార్వాన్ దారిలో ఉంది. అప్పటి నాంపల్లి జాగీరు గ్రామం, నేక్‌నామ్ ఖాన్ అనే కుతుబ్‌షాహీ అమీరుదని చెబుతారు. గోడ వచ్చాక తేడా నివాసాన్ని దాటి సంస్థలకు పాకింది. సాయంత్రం ఇంటికి పోయే వర్తకుడి పేట ఒక ఎత్తు. నగరంలోకి అసలు రాని ఫిరంగుల కార్ఖానా, కచేరీ, చర్చి, బ్యాంకు, స్టేషను ఉన్న పేట మరో ఎత్తు. మొదటిది నగరానికి తోక, రెండోది పోటీ నగరం.

కార్వాన్ వెనకబడి అబిడ్స్, నాంపల్లి ముందుకు రావడంలో వంతెనల పాత్ర పెద్దది. వంతెన కథ దర్వాజా కథతో విడదీయలేనిది. ఇబ్రహీం కుతుబ్‌షా 1578లో కట్టించిన 22 కమానుల పురానాపూల్ రెండున్నర శతాబ్దాలు ఒక్కటే వంతెన. గోడ వచ్చినప్పుడు దాని దక్షిణపు కొసన దర్వాజా కట్టారు. అప్పట్లో ఉత్తరపు గట్టున సందడి అంతా కార్వాన్, బేగంబజార్ వైపే. 1831లో కర్నల్ ఆలిఫెంట్ కట్టించిన వంతెన చాదర్‌ఘాట్ దర్వాజా దగ్గర దిగింది. సందడి తూర్పుకు, రెసిడెన్సీ చుట్టూ జరిగింది. 1860 ప్రాంతంలో ఐదో నిజాం అఫ్జలుద్దౌలా కాలంలో ఆ రెండింటి మధ్య నయాపూల్ వచ్చింది, దాని కొసన అఫ్జల్ దర్వాజా వెలిసింది. ఇక చార్మినార్ నుంచి పత్తర్‌గట్టీ, అఫ్జల్ దర్వాజా, నయాపూల్, అఫ్జల్‌గంజ్, సిద్దియంబర్ బజార్ మీదుగా నాంపల్లికీ, పక్కకు మళ్లితే అబిడ్స్‌కూ ఒకే రాజమార్గం. దర్వాజా తెరిచిన చోటే బయటి ఊరు పెరిగిందని ఈ మూడు వంతెనల వరస చూపిస్తోంది. వంతెన వల్లనే పేట పెరిగింది, తలుపు ప్రసక్తి ఎందుకని అనవచ్చు. వంతెన మనుషులను దాటించడానికి ఉంది. మనుషులు, సరుకు ఇటు నుంచి అటు దాటడానికి అది చాలు. కానీ ఈ సంస్థలేవీ దాటలేదు. వంతెన కట్టిన తర్వాత కూడా అవి ఉత్తరపు గట్టునే ఆగిపోయాయి. ఆపినది నది అయితే వంతెనతో ఆ అడ్డు తొలగిపోవాలి.

ఆ వంతెనలు వచ్చిన కాలం నుంచి ఈ గట్టున చేరినవాటిని చూస్తే దర్వాజా దేన్ని బయట ఉంచిందో పూర్తిగా తెలుస్తుంది. గన్‌ఫౌండ్రీలో సెయింట్ జోసెఫ్ చర్చి, అబిడ్స్‌లో సెయింట్ జార్జి చర్చి, దాని బడి. 1887లో నిజాం కళాశాల. 1891లో ఆసఫియా గ్రంథాలయం మొదలైనది అబిడ్స్‌లోనే. 1936లో గానీ అది అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డున ఉన్న భవనానికి మారలేదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దగ్గర కొలువు చేసిన ఆబిద్ అనే ఆర్మేనియన్ ఇక్కడ విదేశీ సరుకుల దుకాణం పెట్టాడు. కూడలికంతటికీ అతని పేరే నిలిచిపోయింది. ఆ దుకాణం ఎక్కడ పెట్టాడన్నది ఆలోచించదగ్గది. అతని పెద్ద ఖాతాదారులు నగరం లోపలి దేవిడీల్లో ఉన్న అమీర్లు. అయినా దుకాణం వాళ్ల గుమ్మంలో కాకుండా గోడ బయట పెట్టాడు. లోపలి అమీరు బయటికి రాగలడు, బయటి దొర, దొరసాని లోపలికి అంత సులువుగా పోలేరు. తలుపు ఒకవైపుకే సులువుగా తెరుచుకుంటే వర్తకుడు తలుపు బయటే అంగడి పెడతాడు. రైలుదీ అదే లెక్క. 1874లో వాడీ నుంచి సికింద్రాబాద్‌కు రైలు వచ్చింది. హైదరాబాద్ స్టేషను నాంపల్లిలో ఉంది. ఇప్పుడు మనం చూసే భవనం 1907 నాటిది. 1916లో వచ్చిన కాచిగూడ స్టేషను కూడా గోడ బయటే. పాత నగరాల్లో స్టేషన్లు ఎక్కడైనా గోడ బయటే ఉంటాయి, స్థలం అక్కడే చవక అంటారు. ఢిల్లీ చూడండి. 1857 తర్వాత గెలిచిన ఇంగ్లీషువాళ్లు షాజహానాబాద్ గోడను కోసి పట్టాలను నగరం లోపలికి తెచ్చి, అక్కడే స్టేషను కట్టారు. స్థలం ధర వాళ్లను ఆపలేదు, ఎందుకంటే ఆ గోడకు అధికారం పోయింది. హైదరాబాద్‌లో ఆ అధికారం ఇంకా బతికే ఉంది. మద్రాసు మరో రకం. అక్కడ నల్లవాళ్ల పట్నం (బ్లాక్ టౌన్) చుట్టూ గోడ కట్టిన కుంపిణీ దాని ఖర్చు జనం మీద వేయాలనుకుని వసూలు చేయలేకపోయింది, పేరు మాత్రం వాల్‌టాక్స్ రోడ్డుగా మిగిలింది. గోడ కట్టడం సులువు, దాన్ని జనం చేత ఒప్పించడమే కష్టం. హైదరాబాద్ గోడను జనం 170 ఏళ్లు ఒప్పుకున్నారు.

తెలుగువాళ్లకు ఈ చరిత్రలో సొంత వాటా ఉంది. అది చిన్నదేమీ కాదు. 1901 సెప్టెంబరు 1న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పుట్టింది. కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకటరంగారావు, రావిచెట్టు రంగారావు పూనుకున్నారు. మొదటి చోటు రాంకోఠిలో రావిచెట్టు రంగారావు ఇల్లు. 1921 నవంబరులో తెలుగులో మాట్లాడబోయిన అల్లంపల్లి వెంకటరామారావును గేలి చేసిన వివేకవర్ధిని సభా, ఆ రాత్రి పుట్టిన ఆంధ్ర జనసంఘమూ సుల్తాన్ బజార్ పరిసరాల్లోనివే. అబిడ్స్‌లో రెడ్డి హాస్టల్ 1918లో వచ్చింది. దాని బాధ్యతలు చూసిన సురవరం ప్రతాపరెడ్డి 1926లో గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. 1943లో పుట్టిన సారస్వత పరిషత్తు ఇప్పటికీ తిలక్ రోడ్డులో ఉంది. ఇవన్నీ రెసిడెంటు అధికార పరిధి ఇచ్చిన వెసులుబాటు వల్ల ఇక్కడ చేరాయి, దర్వాజాకు సంబంధం లేదని ఒక వాదన ఉంది. మొదటి రెండింటి విషయంలో ఆ వెసులుబాటు నిజం. నిజాం పోలీసు చేయి అక్కడికి నేరుగా చాచలేకపోయింది. కానీ రెసిడెన్సీ బజారు ఆకాశం నుంచి ఊడిపడలేదు. రెసిడెంటును గోడ బయట ఉంచినందువల్లే ఆ బజారు పుట్టింది, ఆ బజారులో ఆ వెసులుబాటు పుట్టింది. అధికార భాషకు గోడ లోపల పీట వేస్తే, పల్లెల నుంచి వచ్చిన రైతుబిడ్డ చదువుకోవడానికి, తన భాషలో సభ పెట్టుకోవడానికి గోడ బయట చోటు దొరికింది. తెలంగాణలో ఆధునిక తెలుగు ప్రజాజీవితం మూసీకి ఉత్తరపు గట్టున మొదలుకావడం నాకు యాదృచ్ఛికంగా తోచదు.

గోడ అంతం నీళ్లతో మొదలైంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి దాదాపు 15,000 మందిని పొట్టన పెట్టుకుంది. నయాపూల్, చాదర్‌ఘాట్ వంతెనలు తెగాయి, నది వైపు గోడ చాలా చోట్ల కూలింది, అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి కొట్టుకుపోయింది. మూడు శతాబ్దాల పురానాపూల్ మాత్రం దెబ్బతిని కూడా నిలబడింది. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడి ఇరుకు బస్తీలు తీసేసి రోడ్లు వేయడం మొదలుపెట్టాక పడిపోయిన గోడను తిరిగి కట్టే ఆలోచన ఎవరికీ రాలేదు. అయితే వరద గోడను కూల్చడానికి ముందే దాని అర్థం సడలిపోతూ ఉంది. నగర ప్రజల చందాలతో 1905లో పునాది వేసిన టౌన్‌హాల్, ఇప్పటి శాసనసభ భవనం, నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో కట్టారు. నగరానికి సభాభవనం కావాలంటే నగరం బయట స్థలం చూసుకున్నారన్నమాట. 1911లో గద్దెనెక్కిన ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ చౌమహల్లాకు పోకుండా, అబిడ్స్ పక్కనే ఉన్న కింగ్‌కోఠిలోనే ఉండిపోయాడు. తలుపు వెనకాల కూర్చోవలసిన రాజే తలుపు బయట కాపురం పెట్టాక కాపలా ఎవరికోసం? నా దృష్టిలో హైదరాబాద్ దర్వాజాల చరిత్ర ముగిసిన ఏడాది 1908 కాదు, 1911.

కాగితాల మీద మాత్రం మరో ఇరవై ఏళ్లు పట్టింది. 1869లో మొదటి సాలార్‌జంగ్ పురపాలన ప్రవేశపెట్టినప్పుడు గోడ లోపలి నగరాన్ని నాలుగు భాగాలుగా, శివార్లను ఐదు భాగాలుగా విడదీశారు. 1886లో చాదర్‌ఘాట్ పేరుతో శివార్లకు వేరే మునిసిపాలిటీ పెట్టారు. పన్నులు వేరు, లెక్కలు వేరు, అధికారి వేరు. రెండింటినీ కలిపింది 1933లో. రెసిడెన్సీ బజార్లు తిరిగి నిజాం చేతికి వచ్చిందీ ఆ ఏడాదే. ఆ తర్వాత రెండేళ్లకు నాంపల్లి, అబిడ్స్, బేగంబజార్ దారులు కలిసే కూడలిలో మొజంజాహీ మార్కెట్ వెలిసింది. అఫ్జల్ దర్వాజా తర్వాతి కాలంలో రోడ్డు వెడల్పు కోసం పోయింది. చాదర్‌ఘాట్ దర్వాజా కూడా అలాగే పోయింది. దర్వాజాలు పోయాయి కాబట్టి వాటి ప్రభావమూ పోయిందంటే నేను ఒప్పుకోలేను. శాసనసభ, పెద్ద పోస్టాఫీసు, స్టేషను, పుస్తకాల దుకాణాలు, తెలుగు సంస్థలు ఈ రోజుకీ గోడ వాటిని నిలబెట్టిన గట్టునే ఉన్నాయి. నయాపూల్ దాటగానే ఇవతల కొత్త నగరం, అవతల పాతబస్తీ అని ప్రభుత్వ కాగితాలూ పత్రికలూ రాసే గీత, 1740లో వేసిన గీతే. వచ్చే భాగంలో ఇదే నదికి పడమటి వైపు వెళ్లి, పురానాపూల్ దర్వాజా మీద ఆధారపడిన కార్వాన్, బేగంబజార్ సాహుకార్ల లెక్కలు చూద్దాం.